పళ్ళెం ముందు అన్న మాట

పురానాపూల్,
జూలై 6.

బిడ్డా పూజితా,

పురానాపూల్ నుంచి సైదాబాద్‌కు ఉత్తరం ఏమిటని నీకు నవ్వు వస్తుందేమో. ఆటో ఎక్కితే అరగంట. ఫోన్ చేస్తే ఆ అరగంట కూడా అక్కర్లేదు. కానీ ఫోన్లో నువ్వూ నేనూ మాట్లాడుకునేది ఎంత? "బాగున్నవా బాపూ?" అంటావు. "బాగున్న బిడ్డా" అంటాను. "అమ్మకియ్యి" అంటావు. ఇచ్చేస్తాను. పదేళ్ళుగా ఇంతే. నేను చెప్పవలసింది ఆ సందులో పట్టేది కాదు. అందుకే మీ అమ్మ గుడికి వెళ్ళిన వేళ చూసుకుని రాయడానికి కూర్చున్నాను.

ముందు నా ఒంటి సంగతి చెబుతాను. మీ అమ్మ నీకు సగమే చెప్పి ఉంటుంది. ఏప్రిల్‌లో మా వ్యాపారుల సంఘం వాళ్ళు బేగంబజార్‌లో ఉచితంగా వైద్య పరీక్షలు పెట్టించారు. నేను వెళ్ళనన్నాను. మన బెల్లం దుకాణం పక్కన ఎండుమిర్చి అమ్మే ప్రహ్లాద్ ఊరుకోలేదు. "ఫికర్ జెయ్యకు, దా భాయ్" అని చెయ్యి పట్టి లాక్కెళ్ళాడు. వరసలో యాభై మంది ఉన్నారు. అందరూ తెలిసినవాళ్ళే. బరువు చూసేవాడు, దూరంగా కూర్చుని రాసుకునే ఆమెకు వినిపించాలని గట్టిగా అరిచాడు. "తొంభై ఆరు!" వెనక ఎవరో ఈల వేశారు. ప్రహ్లాద్ అందుకున్నాడు. "వైకుంఠం సేఠ్, నీకు గీ మిషన్ సాలదు. నిన్ను బస్తాల కాంటా మీద నిలవెట్టాలె." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా చిన్నతనం కదా. నవ్వుతూనే చెప్పులు వేసుకున్నాను. నవ్వుతూనే వేలికి సూది పొడిపించుకున్నాను. చక్కెర మూడువందలకు దగ్గరగా ఉందని వాళ్ళు చెప్పింది నా చెవికి ఎక్కనే లేదు. దుకాణానికి తిరిగివచ్చి గద్దె మీద కూర్చున్నాక మన కాంటా వైపు చూడలేకపోయాను. ఎందుకంటే ఆ మాట ప్రహ్లాద్‌ది కాదు. నాది.

నీకు అప్పుడు పదకొండేళ్ళు. ఆదివారం బడి లేదని నాకు అన్నం డబ్బా తెచ్చావు. బెల్లం లారీ దిగుతోంది. హమాలీలు కాంటా చుట్టూ ఉన్నారు. నేను నిన్ను రెక్క పట్టి తీసుకెళ్ళి ఆ కాంటా మీద నిలబెట్టాను. "సూద్దాం, మా ఇంటి బస్తా ఎంత తూగుతదో" అన్నాను. నలభై తొమ్మిది. పైకే చదివాను. "ఇంకొక్క కిలో పెరిగితె లారీ ఎక్కిద్దాం" అన్నాను. హమాలీలు నవ్వారు, గుమాస్తా నవ్వాడు, సరుకు కోసం వచ్చినవాళ్ళు నవ్వారు. నువ్వూ నవ్వావు. ఇన్నేళ్ళూ నాకు అదే ధైర్యం. పిల్ల కూడా నవ్వింది, నేను చేసింది తమాషాయే కదా అనుకుంటూ వచ్చాను. ఏప్రిల్‌లో నేను నవ్విన తర్వాత గానీ నీ నవ్వు ఏమిటో నాకు తెలియలేదు.

ఆ తర్వాత నువ్వు డబ్బా తేవడం మానేశావు. నేను మాత్రం మానలేదు. ఇంట్లో మొదలుపెట్టాను. "సాలు, లెయ్యి." "రొట్టె మీద నెయ్యి నీకెందుకు?" చుట్టాల ముందు, పెళ్ళి బంతుల్లో, ఎక్కడ పడితే అక్కడ. నా పళ్ళెంలో అయిదు పూరీలు వేసుకుని నీ పళ్ళెంలో రెండో పూరీని లెక్కపెట్టిన తండ్రిని నేను.

పదో తరగతిలో నువ్వు బడిలో కళ్ళు తిరిగి పడిపోయావు. ఒంట్లో రక్తం లేదన్నాడు డాక్టరు. టిఫిన్ డబ్బా పక్క పిల్లలకు పెట్టేసి, ఇంటికొచ్చి కడుపునొప్పి అని పడుకుంటున్నావని అప్పుడు బయటపడింది. మీ అమ్మ మంచం పక్కన కూర్చుని ఏడుస్తోంది. నీ బుగ్గలు లోపలికి పోయాయి. నేను నిన్ను కిందికీ మీదికీ చూసి, "ఇప్పుడు మనిషి లెక్క కనవడుతున్నవ్" అన్నాను. మెచ్చుకుంటూ అన్నాను, పూజితా. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. కాంటా మాటకైనా తమాషా అని పేరు పెట్టుకోవచ్చు. ఈ మాటకు ఏ పేరూ దొరకడం లేదు.

రిపోర్టులు తీసుకుని ఆసుపత్రికి వెళితే, డాక్టరు మాత్రలు రాసి, తిండి సంగతి చెప్పే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆమె పేరు రాహేలు. నీకన్నా చిన్నదే. ముందు గది తలుపు మూసింది. బరువు చూసే ముందు, "అంకె సూస్తరా సార్, సూడకుండ దిగుతరా? మీ ఇష్టం" అని అడిగింది. చూడనన్నాను. ఆమె రాసుకుంది. పైకి అనలేదు. అరవై ఆరేళ్ళ వాణ్ణి, ఆ అమ్మాయి ముందు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాను. "ఏమైంది సార్, యాడనన్న నొస్తుందా?" అంది. "నాకొక బిడ్డ ఉన్నదమ్మా" అన్నాను.

నన్ను మన్నించమని అడగడం లేదు. అడిగితే నువ్వు "గట్లేం లేదు బాపూ" అంటావు. అలా అనడం నీకు అలవాటు చేసింది కూడా నేనే. నేను చేసింది తప్పు అన్న మాట నా చేతిరాతతో నీ దగ్గర ఉండాలని మాత్రమే రాస్తున్నాను.

నీ బాపు,
వైకుంఠం


పురానాపూల్,
జూలై 28.

పూజితా, నా తల్లీ,

మూడు వారాలైంది. నువ్వు రాయలేదు. రాయాలని లేదు కూడా. మీ అమ్మకు మొదటి ఉత్తరం సంగతి చెప్పాను. "గప్పుడు నేను అడ్డం రాలే. నీ నోటికి భయపడి పిల్ల కంచంల నుంచి నేనే తీసిన. ఇద్దరి పేరు రాయకపోతివా?" అంది. అందుకని ఈ ఉత్తరం కింద ఆమె పేరు కూడా ఉంటుంది.

ఈసారి బరువైన మాటలు వద్దు. మా తిండి సంగతి రాస్తాను. రాహేలు దగ్గరికి నేను వెళ్ళింది ఏదో పెద్ద పథ్యం చెబుతుందని. నెల రోజులు ఉపవాసం ఉండి చూపిస్తానని కూడా అన్నాను. "వద్దు సార్. పదిహేనో రోజు మీరే హోటల్ల కూసుంటరు. ఒక వారానికి ఒక్కటే మార్చుండ్రి" అంది. పొద్దున్నుంచి ఏమేం తింటానో చెప్పమంది. పూరీలు, దుకాణంలో నాలుగు చాయ్‌లు, ప్రతి చాయ్‌కీ రెండు బిస్కెట్లు, వచ్చిన ప్రతి సరుకులోంచీ రుచికని ఒక బెల్లం ముక్క, సాయంత్రం సమోసా. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆమె మాత్రం ఒక్కసారి కూడా మొహం ముడవలేదు.

మొదటి వారం చాయ్‌లో చక్కెర సగం చేసి, నాలుగు కప్పులను రెండు చేశాను. తలనొప్పి వచ్చింది, గుమాస్తా మీద అరిచాను, అయినా వారం గడిచింది. రెండో వారం సమోసా స్థానంలోకి ఉడికించిన శనగ గుడాలు వచ్చాయి. మూడో వారం పళ్ళెం మారింది. సగం కూర, పావు పప్పు, మిగిలిన పావులో అన్నమో జొన్న రొట్టో. "అన్నం మానమంటలేను, దాని జాగ జెర తక్కువ జేస్తున్నం" అంది రాహేలు. ఆకుకూరలు నేనే తెస్తున్నాను. పొద్దున పాత వంతెన మీది కూరగాయల బజారు దాకా నడిచి వెళ్ళి నడిచి వస్తున్నాను. తోటకూర కట్ట ఏది లేతదో, ఏది ముదురో నాకు ఇప్పటిదాకా తెలియదంటే నమ్ముతావా? రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా అయిపోతోంది. ఆదివారం ఒక మిఠాయి ముక్క ఉంది. అది ఎవరికీ దాచకుండా, కూర్చుని, మెల్లగా తింటాను. మాత్ర మాత్రం మానలేదు. తిండి బాగుపడిందని మందు మీ అంతట మీరే ఆపొద్దని ఆమె గట్టిగా చెప్పింది.

అయిదు కిలోలు తగ్గానట. దానికన్నా పెద్ద సంగతి ఇంకొకటి జరిగింది. మీ అమ్మ నాతో కలిసి కూర్చుని తింటోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నేను లేచాకే తినేది. ఏం మిగిలితే అది, ఎంత మిగిలితే అంత. నేను చాయ్‌లు లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో ఒకనాడు ఆమె పళ్ళెంలోకి చూశాను. చద్దన్నం, పచ్చడి. "గిదేంది, నువ్వు కూర తినవా?" అన్నాను. "ఇన్ని దినాలకు కనవడ్డదా?" అంది. ఈ ఇంట్లో ఎవరేం తింటున్నారో అందరికన్నా ఎక్కువ మాట్లాడినవాణ్ణి నేను. ఎవరేం తింటున్నారో చూడనివాణ్ణీ నేనే.

నీ బిడ్డ చందును చూసి రెండేళ్ళయింది. తొమ్మిదో ఏడు వచ్చి ఉంటుంది. ట్యూషన్లూ ఈతా అని అమ్మతో చెబుతావు. పిల్ల బాగా చదువుకోవాలి, మంచిదే. వీలు కుదిరినప్పుడు ఒక ఫోటో పంపు.

నీ బాపు, అమ్మ
వైకుంఠం, నాగమణమ్మ


సైదాబాద్,
ఆగస్టు 17.

బాపూ,

ఎలా మొదలుపెట్టాలో తెలియక పిలిచి ఊరుకుంటున్నాను.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు కవరు మీద నీ రాత చూసి, విప్పకుండా బీరువాలో చీరల కింద పెట్టేశాను. రెండోది కూడా దాని మీదే పెట్టాను. మీ అల్లుడు అభిషేక్ అడిగితే బీమా కాగితాలన్నాను. పోయిన వారం రెండూ ఒకేసారి చదివాను. ఎందుకు చదివానో చెప్పాలంటే ముందు ఒక అబద్ధం ఒప్పుకోవాలి.

ట్యూషన్ లేదు బాపూ. ఈత లేదు. రెండేళ్ళుగా చందును నేను కావాలనే మీ ఇంటికి తీసుకురాలేదు. రెండేళ్ళ కిందటి దసరాకు అందరం కూర్చుని తింటున్నాం. అది రెండో భక్ష్యం తీసుకుంది. నువ్వు నవ్వి, "ఈమె గూడ నీ లెక్కనే తయారైతున్నది" అన్నావు. అంతే. అది చెయ్యి వెనక్కి తీసుకుని నా మొహంలోకి చూసింది. నీ ఉత్తరంలో కాంటా ఉంది, బడిలో పడిపోవడం ఉంది, ఈ మాట లేదు. నీకు గుర్తే లేదు. నాకు ఎక్కువ నొప్పి కలిగింది అక్కడే. ఆ రోజే నిర్ణయించుకున్నాను, నా బిడ్డను నీ ముందు పళ్ళెం పెట్టి కూర్చోబెట్టకూడదని. అమ్మ ఎంత బతిమాలినా కరగలేదు.

ఇక్కడిదాకా తప్పు నీది. ఇక్కడి నుంచి నాది.

చందుకు లావు వస్తున్న మాట నిజం. అది నాలా కాకూడదని, ఎవరూ దాన్ని ఎగతాళి చేయకూడదని, ముందే నేను దిద్దాలనుకున్నాను. రోజూ పొద్దున బడికి వెళ్ళే ముందు బరువు చూసే మిషన్ మీద నిలబెట్టేదాన్ని. దాని డబ్బాలో రెండు చపాతీలుంటే ఒకటి తీసేసేదాన్ని. పుట్టినరోజు కేకులు, బడిలో పంచే చాక్లెట్లు ఇంటికి తెచ్చి నా చేతికివ్వాలని చెప్పాను. ఇచ్చేది. నేను నీలా నవ్వలేదు, నలుగురిలో అనలేదు. తలుపు మూసి, తల నిమురుతూ, ప్రేమగా చెప్పాను. అందుకే అది తప్పని నాకు తెలియలేదు.

పోయిన శనివారం బాత్రూంలో చాలాసేపు నల్లా పారుతున్న చప్పుడు వినిపించింది. నీళ్ళు వృథా చేస్తోందని కోపంగా తలుపు తోశాను. గడియ సరిగా పడలేదు. అది నేల మీద కూర్చుని బిస్కెట్లు తింటోంది. ప్యాకెట్ చింపే చప్పుడు నాకు వినిపించకూడదని నల్లా తిప్పింది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ ఉపాయం తట్టింది. నన్ను చూసి నోట్లోది మింగలేకపోయింది, ఉమ్మలేకపోయింది. "మమ్మీ, ఒట్టు, రెండే తిన్న. రేపు అన్నం తినను" అంది.

రేపు అన్నం తినను. ఆ మాట నాది బాపూ. పదో తరగతిలో నాకు నేను రోజూ చెప్పుకున్న మాట. దానికి నేను ఎప్పుడూ నేర్పలేదు.

దాన్ని ఒళ్ళో వేసుకుని ఆ తడి నేల మీదే కూర్చున్నాను. అది ఏడుస్తుంటే మిగిలిన బిస్కెట్లు ఇద్దరం తిన్నాం. దాన్ని పడుకోబెట్టాక నీ ఉత్తరాలు విప్పాను. నిన్ను తిట్టుకుందామనే విప్పాను. ఎవరి ఉత్తరం చదువుతున్నానో కాసేపటికి నాకే తెలియలేదు. నిన్ను నా బిడ్డ దగ్గరికి రానివ్వలేదు, నీ మాటలను మాత్రం అన్నం పెట్టి పెంచాను.

అమ్మను అడిగి నీ రాహేలు గారి నంబరు తీసుకున్నాను. నీ పేరు చెప్పలేదు. ఆమె మమ్మల్ని పిల్లల డాక్టరు దగ్గరికి పంపింది. డాక్టరమ్మ చందును పరీక్ష చేసి, ఎత్తు పెరిగే వయసు, దీనికి పథ్యాలు పెట్టొద్దంది. "మార్చాల్సింది పాపను కాదమ్మా, ఇంటిని" అంది. అందుకని ఇంట్లో ముగ్గురం ఒకటే వంట, ఒకటే వేళ తింటున్నాం. టీవీ ఆపేస్తున్నాం. బల్ల మీద జామకాయలు, అరటిపళ్ళు ఉంటున్నాయి, అడక్కుండా తీసుకోవచ్చు. సాయంత్రం అభిషేక్ దాన్ని సైకిల్ తొక్కడానికి గల్లీలోకి తీసుకెళుతున్నాడు. మిషన్ పాత సామాన్లవాడికి వేసేశాను. నేను కూడా పొద్దున టిఫిన్ తింటున్నాను. నేను పొద్దునపూట తినడం చందు ఇప్పటిదాకా చూడలేదట. "మమ్మీ, నీకు గూడ ఆకలైతదా?" అని అడిగింది.

నిన్ను మన్నించానని రాయలేను. రాద్దామని రెండు కాగితాలు చించాను. నీ మీద కోపం పోయిందో, ఆ కోపం నా మీదికి తిరిగిందో ఇంకా తేలలేదు. కానీ వచ్చే ఆదివారం మేం ముగ్గురం మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాం. అమ్మను మీ ఇద్దరికీ రోజూ వండేదే వండమను. ఒకటే షరతు. ఎవరి పళ్ళెం గురించీ, ఎవరి ఒళ్ళు గురించీ ఒక్క మాట ఉండకూడదు, మెచ్చుకుంటూ కూడా. నువ్వు తగ్గావని నేను అనను, నేను చిక్కానని అమ్మ అనకూడదు. ఆ మాట వస్తే నా బిడ్డ చెయ్యి పట్టుకుని లేస్తాను. మళ్ళీ రాను.

పూజిత


పురానాపూల్,
ఆగస్టు 25.

పూజితా,

నిన్న మీరు వెళ్ళాక ఇల్లు సర్దుకునేసరికి పొద్దుపోయింది. ఈ రోజు దుకాణానికి వెళ్ళకుండా ఇది రాస్తున్నాను. నీ షరతు తప్పాను. అది నీకు వేరేవాళ్ళ ద్వారా కాకుండా నా నుంచే తెలియాలి.

దసరా నాటి మాట నాకు నిజంగా గుర్తులేదు. నీ ఉత్తరం చదివి ఎంత తవ్వుకున్నా దొరకలేదు. అన్నవాడికి గుర్తుండని మాట విన్న పిల్ల చేతిని వెనక్కి లాగిందంటే, గుర్తులేనివి ఇంకెన్ని ఉన్నాయో. వాటన్నిటికీ నేను ఏమీ చేయలేను. ఇది తెలుసుకోవడమే నాకు మిగిలింది.

నిన్న భోజనం దగ్గర నేను తలెత్తలేదు. నువ్వు గమనించే ఉంటావు. ఆనిగపుకాయ కూర బాగుందని మూడుసార్లు అన్నాను, వేరే మాట తోచక. నువ్వు రెండోసారి పప్పు వేయించుకుంటే మీ అమ్మ కళ్ళు నిండాయి. మొహం పక్కకు తిప్పుకుని నీళ్ళకని లేచింది. ఈ ఇంట్లో నువ్వు రెండోసారి వడ్డించమనడం వినక ఇరవై ఏళ్ళు దాటింది.

మీరిద్దరూ వంటింట్లో ఉన్నప్పుడు, అభిషేక్ కింద బండి దగ్గరికి వెళ్ళినప్పుడు, చందు నా పక్కకు వచ్చి కూర్చుంది. నా కళ్ళజోడు తీసి పెట్టుకుంది, మళ్ళీ తీసి ఇచ్చింది. ఉన్నట్టుండి, "తాతా, నేను లావుగున్ననా?" అంది.

నువ్వు పెట్టిన షరతు గుర్తొచ్చింది. వంటింటి వైపు చూశాను. లేదని అబద్ధం చెప్పాలా, ఉన్నావని చెప్పాలా, మాట మార్చాలా? పిల్ల నా మొహంలోకే చూస్తోంది. ఆ చూపు నేను ఎరుగుదును. పదకొండేళ్ళప్పుడు నువ్వు కాంటా దిగి నన్ను అలాగే చూశావు. నేను అప్పుడు హమాలీల వైపు చూశాను.

నిన్న పక్కకు చూడలేదు. "నువ్వు పెరుగుతున్నవ్ బిడ్డా" అన్నాను. "మీ అమ్మ నీ అంత ఉన్నప్పుడు అచ్చం నీ లెక్కనే ఉండె. ఎంత ముద్దుగుండెనో."

"మమ్మీనా?" అంది.

"అవ్. మస్తు ముద్దుగుండె. గానీ నేను ఆమెకు ఒక్కనాడు గూడ చెప్పలే."

"మరి ఇప్పుడు చెప్పు తాతా. మమ్మీ లోపలనే ఉన్నది కదా" అంది.

లేచాను. వంటింటి గడప దాకా వచ్చాను. నువ్వు మీ అమ్మతో ఏదో చెబుతూ గిన్నెలు అందిస్తున్నావు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నువ్వు వెనక్కి తిరిగి, "ఏంది బాపూ, మంచినీళ్ళా?" అన్నావు. అవునన్నాను. గ్లాసు ఇచ్చావు. తాగేసి వెనక్కి వచ్చాను. నాకు తెలుసు, చందు అంతసేపూ ఆ గడప వైపే చూస్తూ ఉంది.

నోటితో చెప్పలేకపోయాను పూజితా. చెడ్డ మాటలన్నీ ఎంత సులువుగా వచ్చేవి.

అందుకే రాస్తున్నాను. నువ్వు ముద్దుగా ఉండేదానివి. కాంటా మీద నిలబెట్టిన రోజు కూడా, ఆ నీలం గౌనులో, చేతిలో నా అన్నం డబ్బాతో, చాలా ముద్దుగా ఉన్నావు.

నీ బాపు,
వైకుంఠం